గుత్తికోయ గూడేలకు సాయం అందుతోందా? వెళ్లి చూసి, లెక్క రాసి రావడం ఎలా

చలికాలం మొదలవగానే భద్రాచలం, ఏటూరునాగారం వైపు కార్లు బయల్దేరతాయి. డిక్కీ నిండా దుప్పట్లు, బిస్కెట్ ప్యాకెట్లు, పాత బట్టల మూటలు. గూడెంలో అందర్నీ వరసగా నిలబెట్టి పంచుతారు, ఫొటోలు దిగుతారు, రాత్రికల్లా హైదరాబాదో విజయవాడో చేరిపోతారు. వాళ్ల మనసు మంచిది కాదని నేననను. కాకపోతే ఆ దుప్పటి మూడు నెలలకు ఏమైంది, ఆ ఇంటికి అసలు కావలసింది దుప్పటేనా అని మళ్లీ వెళ్లి చూసేవాళ్లు బాగా తక్కువ. అలా చూసే పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నా. మీది చిన్న ట్రస్టు కావచ్చు, కాలేజీ ఎన్ఎస్ఎస్ జట్టు కావచ్చు, లేదా డల్లాస్‌లో ఉన్న బంధువు డబ్బు పంపి "కాస్త చూసి రా" అన్నందుకు వెళ్తూ ఉండొచ్చు.

వెళ్లేముందు ఈ మాత్రం కథ తెలిసి ఉండాలి. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, బీజాపూర్ వైపు ప్రభుత్వం అండతో సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడానికని చెప్పి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరానికి వెళ్లినవాళ్ల మీద మావోయిస్టులకు అనుమానం, వెళ్లనివాళ్ల మీద జుడుంకి అనుమానం. ఆ రెంటి మధ్య ఉండలేక వేల కుటుంబాలు అడవి దారుల్లో నడిచి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చేశాయి. ఆదివాసీ కుర్రాళ్లకు స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని పేరు పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ కేసులో 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది గానీ, వచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి పోలేదు. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లోనూ చింతూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోనూ అడవి లోపల చిన్న చిన్న గూడేలుగా బతుకుతున్నారు. మనవాళ్లు గుత్తికోయలంటారు. అందులో మురియాలున్నారు, కోయలున్నారు.

ఇంకో సంగతి. సొంత దేశంలోనే గొడవల వల్ల ఊరు వదిలినవాళ్ల కోసం మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. శరణార్థుల లెక్కలోకి రారు, ప్రాజెక్టు నిర్వాసితుల లెక్కలోకీ రారు. అందుకని వీళ్లకు అందేదంతా ముక్కలు ముక్కలుగా వస్తుంది: కొంత ఐటీడీఏ, కొంత అంగన్‌వాడీ, కొంత చర్చి, కొంత పోలీసుల మెడికల్ క్యాంపు, కొంత మనలాంటివాళ్లు. ఈ ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టే మీ సమీక్షకు విలువ.

ముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి

ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎన్ని ఇళ్లకిచ్చారు, దానివల్ల ఏం మారాలనుకున్నారు. మొదటి మూడూ ఎవరైనా టకటకా చెప్పేస్తారు. నాలుగోది అడిగితే మాత్రం ఫోన్లో కాసేపు మౌనం ఉంటుంది. "సోలార్ లైట్లు ఇచ్చాం" అంటారు. ఎందుకిచ్చారు? పిల్లలు చదువుకోవడానికా, రాత్రిపూట పాముల భయానికా, ఫోను చార్జింగుకా? అది తేలకపోతే మీరు అక్కడికి వెళ్లి లైటు వెలుగుతోందా లేదా అని మాత్రమే చూసి వస్తారు.

పెద్ద సంస్థలు ధనిక దేశాల కూటమి ఓఈసీడీ పెట్టిన ఆరు కొలతలతో సమీక్ష చేస్తాయి. అవసరానికి తగ్గదా, మిగతావాళ్ల పనితో పొసిగిందా, అనుకున్నది జరిగిందా, ఖర్చుకు తగ్గ పనేనా, బతుకులో ఏం మారింది, మనం వెళ్లిపోయాక నిలబడుతుందా. అన్నీ మంచివే, కానీ ముప్పై నలభై ఇళ్ల గూడేనికి ఆరూ మోసుకెళ్తే రిపోర్టు లావవుతుంది తప్ప ఉపయోగం ఉండదు. మొదటిదీ చివరిదీ పట్టుకోండి, నా లెక్కలో ఆ రెండూ చాలు.

కాగితాలు బయల్దేరకముందే తెప్పించుకోండి

ఐటీడీఏ ఆ గూడేనికి ఏం మంజూరు చేసింది, దగ్గరి అంగన్‌వాడీ కేంద్రంలో ఆ గూడెం పిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయి, బోరుకి అటవీశాఖ అనుమతి వచ్చిందా, ఇవన్నీ సమాచార హక్కు కింద అడగొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. కాబట్టి వెళ్లే తేదీకి కనీసం నెలన్నర ముందే దరఖాస్తు వేయండి. వెళ్లొచ్చాక వేస్తే మీ దగ్గర ఉన్నది ఒకవైపు మాటే అవుతుంది, ఆఫీసులో దాన్ని తేలిగ్గా కొట్టిపారేస్తారు.

ఎప్పుడు వెళ్లాలి, ఎవరితో వెళ్లాలి

మిర్చి కోతల రోజుల్లో వెళ్తే గూడెంలో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ దొరకరు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు పని. దారి బాగుండేది నవంబరు, డిసెంబరుల్లో, అందుకే అందరూ అప్పుడే వెళ్తారు, అందుకే అందరి రిపోర్టుల్లోనూ పరిస్థితి పర్వాలేదన్నట్టు ఉంటుంది! మీకు వీలైతే ఒకసారి ఆగస్టులో వెళ్లండి. వాగు పొంగి దారి తెగినప్పుడు, ఇంట్లో గింజలు అడుగంటినప్పుడు, జ్వరాలు ఊపందుకున్నప్పుడు ఆ గూడెం ఎలా ఉంటుందో తెలియకుండా సాయం గురించి రాయడం కష్టం.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మగవాళ్లలో చాలామందికి కూలి పనుల వల్ల తెలుగు వచ్చేసింది. ఆడవాళ్లలో, ముఖ్యంగా పెద్దవాళ్లలో, కోయ తప్ప రానివాళ్లు ఎక్కువ. అనువాదానికి సాయం ఇచ్చిన సంస్థ మనిషినే తీసుకెళ్తే ఆ సంస్థ గురించి నిజం ఎవరు చెప్తారు? గూడెం పెద్ద కొడుకును తీసుకెళ్లినా అంతే. పక్క మండలం నుంచి కోయ భాష వచ్చిన ఒక అమ్మాయిని, చదువుకున్నామెను, రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. ఆ కూలి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

వెళ్తున్నట్టు ఐటీడీఏ ఆఫీసులోనూ దగ్గరి పోలీస్ స్టేషన్లోనూ ఒక మాట చెప్పి వెళ్లండి. గూడెంలో మాత్రం మావోయిస్టుల గురించిగానీ పోలీసుల గురించిగానీ ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, పుస్తకంలో ఎక్కించకండి. మీరు వెళ్లిపోయాక "ఆ వచ్చినవాళ్లకు ఏం చెప్పారు" అని అడిగేవాళ్లు ఏ వైపు నుంచైనా రావచ్చు.

పేర్ల జాబితా దగ్గర ఆగి ఆలోచించండి

నన్నడిగితే ఈ పని మొత్తంలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే, కానీ ఎక్కువమంది అసలు పట్టించుకోనిదీ ఇదే. సమీక్ష అనగానే మనవాళ్లు ఒక ఎక్సెల్ షీట్ తెరుస్తారు. ఇంటి యజమాని పేరు, ఆధార్ నంబరు, ఛత్తీస్‌గఢ్‌లో ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, ఎన్ని ఎకరాల పోడు కొట్టారు, పైగా జీపీఎస్ పాయింటు, గుమ్మం ముందు నిలబెట్టి ఫొటో. ఇదంతా వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఇప్పుడు ఆ షీటును రిజర్వు ఫారెస్టులో ఆక్రమణలు తీయించే ఆఫీసరు కళ్లతో చదవండి. మీరు శ్రద్ధగా తయారుచేసింది ఖాళీ చేయించాల్సిన ఇళ్ల జాబితా.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్తున్నది కాదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుత్తికోయల గుడిసెలు కూల్చేశారు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారి పోడు గొడవలో హత్యకు గురయ్యారు, ఆ తర్వాత స్థానిక పంచాయతీ గుత్తికోయలు ఊరు వదిలిపోవాలని తీర్మానం చేసింది. చంపినవాళ్లకు శిక్ష పడాల్సిందే, కానీ ఎక్కడో ఇంకో గూడెంలో ఉన్న బాలింతకు దాంతో ఏం సంబంధం? అయినా ఆ వేడి అన్ని గూడేలకూ తగిలింది.

కాబట్టి ఇలా చేయండి. ఇళ్లకు పేర్లు కాకుండా అంకెలు పెట్టండి. ఏ అంకె ఎవరిదో తెలిపే కాగితం ఒక్కటే ఉండాలి, అది ఒక్కరి దగ్గరే ఉండాలి, ఫోన్లో ఉండకూడదు. పోడు ఎంత అన్న ప్రశ్న మీ సమీక్షకు నిజంగా అవసరమా చూసుకోండి, కాకపోతే వదిలేయండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. ఎప్పుడొచ్చారు అన్నది అవసరమే, ఎందుకో కింద చెప్తా, కానీ అది ఆ కుటుంబం చేతిలో ఉండే కాగితం మీద రాసి వాళ్లకే ఇవ్వండి. ఆధార్ నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ రాసుకోకండి, "ఉంది, లేదు" అని టిక్కు పెడితే చాలు. మొదట్లోనే అందర్నీ కూర్చోబెట్టి మేం ఏమీ ఇవ్వడానికి రాలేదు, చెప్పకపోయినా మీకు వచ్చేది ఆగదు, వద్దనుకుంటే లేచి వెళ్లిపోవచ్చు అని కోయలో చెప్పించండి. రెండోసారి కూడా చెప్పించండి, ఎందుకంటే మొదటిసారి ఎవరూ నమ్మరు.

అడగడానికి ముందు చూడండి

గూడెం పెద్ద చూపించే ఇళ్లు కాకుండా మీరే ఎంచుకోండి. దారి మొదట్నుంచి చివరిదాకా నడిచి ప్రతి మూడో ఇల్లు, చివర విడిగా ఉండే ఇళ్లన్నీ. కొత్తగా వచ్చినవాళ్లు, పెద్దతో పొసగనివాళ్లు సాధారణంగా ఆ చివరే ఉంటారు.

ఇంట్లోకి రమ్మంటేనే వెళ్లండి. కూర్చున్నాక కళ్లతో వెతకండి. ఇచ్చిన దోమతెర కట్టి ఉందా, మడిచి దూలం మీద పెట్టారా, కోడిపిల్లలకు కంచెగా వేశారా? కోళ్లకు వేశారంటే వాళ్లకు తెలివి లేదని కాదు, తెర పెద్దది ఇల్లు చిన్నది కావచ్చు, ఎండాకాలం ఊపిరాడక బయట పడుకుంటూ ఉండొచ్చు. మందు పూసిన తెరలు మూడేళ్లు పనిచేస్తాయని లెక్క, నేల మీద పడుకునే ఇంట్లో అంతకు ముందే చిరుగుతాయి. వాటర్ ఫిల్టరు ఉంటే దాని కొళాయి పొడిగా ఉందా తడిగా ఉందా చూడండి. స్టీలు గిన్నెలిస్తే అందులో వండుతున్నారా, లేక చుట్టాలొస్తే తీయడానికని గోనె సంచిలో దాచారా. కనిపించని వస్తువు గురించి "ఎక్కడ" అని పోలీసులా అడగొద్దు. అమ్ముకున్నా తప్పేం లేదు, ఏం కొనడానికి అమ్మారో తెలిస్తే అసలు అవసరం ఏంటో తెలిసిపోతుంది.

నీళ్లు, తిండి, జ్వరం, బడి

ఈ నాలుగింటికి కొలతలున్నాయి. విపత్తుల్లో, యుద్ధాల్లో సాయం చేసేవాళ్లు ప్రపంచమంతటా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, అవి ఇంటికి 500 మీటర్ల లోపు దొరకాలి, వరసలో అరగంటకు మించి నిలబడకూడదు, ఒక చేతిపంపు మీద 500 మందికి మించి ఆధారపడకూడదు. లీటర్లెన్ని అని ఇంట్లో అడిగితే ఎవరు చెప్పగలరు? బిందెలు లెక్కపెట్టండి. పెద్ద బిందెలో 12 నుంచి 15 లీటర్లు పడతాయనుకుంటే అయిదుగురున్న ఇంటికి రోజుకు అయిదారు బిందెలు కావాలి. తర్వాత ఆ ఇంటామెతో కలిసి చెలమ దాకా నడవండి, ఖాళీ బిందెతో పోవడానికి ఎంతసేపు, నిండు బిందెతో రావడానికి ఎంతసేపు, చెలమలో నీరు ఊరేదాకా ఆగింది ఎంతసేపు. మే నెలలో చెలమ ఎండితే ఎక్కడికి పోతారో అప్పుడే అడగండి.

"అడవిలో బోరు వేయడం కుదరదు" అని మీతో చాలామంది అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద తాగునీటి లైన్లు, బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 రకాల పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, గ్రామసభ సిఫారసు ఉండాలి. గూడెం ఏ పంచాయతీ కిందా నమోదు కాకపోతే ఆ సిఫారసు ఎవరు చేయాలన్నదే చిక్కు. ఆ చిక్కు ఉందని మీ రిపోర్టులో రాయండి, సోలార్ పంపు పెట్టేస్తే తీరిపోయిందనుకోకండి.

తిండి విషయానికొస్తే, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న చెప్పింది. చాలా గూడేలు చిన్నవి, 40 మంది ఉండరు, అలాంటప్పుడు పక్కపక్క గూడేలు రెండు మూడు కలిపి లెక్క చూపండి. కేంద్రం దూరంగా ఉండి పేర్లు మాత్రం రాసుకున్నచోట గుడ్లు, బాలామృతం ఎవరు మోసుకొస్తున్నారు, నెలలో ఎన్నిసార్లు అని అడగండి. పిల్లల జబ్బ చుట్టుకొలత మీరు కొలవకండి, ఏఎన్ఎంనో అంగన్‌వాడీ టీచర్నో వెంటబెట్టుకుని కొలిపించండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 11.5 సెంటీమీటర్లకు తక్కువ వస్తే అది తీవ్ర లోపం, మీ సమీక్ష ఆపి ఆ బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి చేర్చే పని చూడండి. రిపోర్టు రేపు రాసుకోవచ్చు.

జ్వరానికి మలేరియా పరీక్ష కిట్టు ఆశా వర్కర్ దగ్గర ఉందా, 108 బండి ఎక్కడిదాకా వస్తుంది, అక్కడిదాకా మనిషిని ఎలా మోస్తారు, ఈ మూడూ అడిగితే చాలు. బడికైతే వయసు కాగితం లేదని పిల్లాణ్ణి చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, హెడ్మాస్టరుకు ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి.

కాగితాల మీద గంటసేపు కూర్చోండి

దుప్పటి కంటే రేషన్ కార్డు వెచ్చగా ఉంటుంది, ఈ ఒక్క పోలికకు నన్ను క్షమించండి. మనం ఏడాదికి రెండుసార్లు ఇచ్చే పాతిక కిలోల బియ్యం కంటే, ఒక కార్డు పని చేసేలా చూడటం ఆ ఇంటికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ప్రతి ఇంట్లో ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, కుల ధ్రువీకరణ, పిల్లల జనన ధ్రువీకరణ, బ్యాంకు పాసుబుక్కు ఏవి ఉన్నాయి, ఏవి ఏ రాష్ట్రంవి, ఏవి ఎక్కడ ఆగిపోయాయి అని చూడండి. మీరు ఇచ్చిన సాయం వల్ల వీటిలో ఒక్కటైనా ముందుకు కదిలిందా? "మనం వెళ్లిపోయాక నిలబడుతుందా" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

రేషన్: ఇంకా ఛత్తీస్‌గఢ్ కార్డే ఉంటే, ఆధార్ జతచేసి ఉంటే, వన్ నేషన్ వన్ రేషన్ కింద ఆహార భద్రత చట్టం ఇచ్చే మనిషికి 5 కిలోలు ఇక్కడి షాపులో కూడా ఇవ్వాలి. తెలంగాణ కార్డు అయితే మనిషికి 6 కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. కొత్త కార్డు కావాలంటే పాత రాష్ట్రంలో పేరు తీయించుకోవాలి, ఆ తీయించే పనికి బీజాపూర్ దాకా వెళ్లి రావడానికి రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. మీరు దాతలైతే ఆ చార్జీ పెట్టుకోండి, ఫొటోకు పనికిరాదు గానీ చాలా పనికొస్తుంది.

కులం కాగితం: ఇది అన్నిటికంటే మొండిది. ఎస్టీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది, ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్లకు ఇంకో రాష్ట్రానికి వలసొస్తే అక్కడి రిజర్వేషన్ వర్తించదు. మన దగ్గర కోయలు జాబితాలో ఉన్నా వీళ్లు సరిహద్దు అవతలివాళ్లని సర్టిఫికెట్ ఇవ్వరు. ఇక్కడే పుట్టి ఇక్కడే పదో తరగతి పాసైన పిల్లకు కూడా అదే జవాబు. మీరు స్కాలర్‌షిప్ ఇస్తున్నట్టయితే ఇంటర్ తర్వాత ఆ పిల్ల ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించాలి.

భూమి: అటవీ హక్కుల చట్టంలో సాగు హక్కుకు గీత 2005 డిసెంబరు 13. అప్పటికే ఆ భూమిలో ఉండాలి. వీళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత వచ్చినవాళ్లు, అందుకే 2023లో తెలంగాణ పోడు పట్టాలు పంచినప్పుడు వీళ్లకు దారి లేకపోయింది. కానీ అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) ఉంది. ఆ తేదీకి ముందు పునరావాసం ఇవ్వకుండా అటవీ భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టినవాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం హక్కు అంటుంది అది. జుడుం మొదలైంది జూన్‌లో, గీత డిసెంబరులో. అందుకే ఊరు ఎప్పుడు వదిలారన్నది అంత ముఖ్యం. సంవత్సరం అడిగితే చెప్పలేరు, "ఇప్పపువ్వు ఏరుతున్నప్పుడా, వరి కోస్తున్నప్పుడా, ఈ బిడ్డ కడుపులో ఉన్నాడా, నడుస్తున్నాడా" అని అడిగితే చెప్తారు. రాసి వాళ్ల చేతికివ్వండి, లాయరు దగ్గరికి వెళ్లే రోజున అక్కరకొస్తుంది.

పరిహారం: ఇంట్లో ఎవరైనా ఈ గొడవల్లో చనిపోయారా, కాలో చెయ్యో పోయిందా అన్నది వాళ్లు మాట ఎత్తితేనే మాట్లాడండి. వామపక్ష తీవ్రవాద హింసలో, మందుపాతర పేలుళ్లలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు, లేదా 50 శాతం లేదా ఆ పైన వైకల్యం వచ్చినవాళ్లకు కేంద్ర హోంశాఖ పథకం ఒకటి 2008 నుంచి ఉంది. మొదట్లో 3 లక్షలుండేది, 2016 ఆగస్టు నుంచి 5 లక్షలు చేశారు. జిల్లా కమిటీ ద్వారా వెళ్లాలి, ఎఫ్ఐఆర్, మరణ ధ్రువీకరణ లాంటివి అడుగుతారు. పారిపోయి వచ్చినవాళ్ల దగ్గర అవి ఉండవు, ఉండవని తెలిసీ ఎవరూ తెచ్చిపెట్టరు.

ఎవరు మిగిలిపోయారు

ఆడవాళ్లతో విడిగా, ఆడ వాలంటీర్లే కూర్చోవాలి. పంపిణీ రోజు మిర్చి కోతకు వెళ్లి ఉన్నవాళ్లకు ఏం దక్కింది? భర్త జైల్లో ఉన్న ఇంటికి? రెండో పెళ్లామని పేరు రాయించని ఆమెకు? వేలిముద్ర పడని ముసలామెకు? ఇవి అడుగుతూ పోతే జాబితా ఎవరు రాశారో దానంతట అదే బయటపడుతుంది.

పక్కనున్న స్థానిక కోయల ఊరికీ ఒక పూట వెళ్లండి. "మాకూ బోరు లేదు, మాకూ దుప్పట్లు లేవు, అంతా వాళ్లకేనా" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. దాంట్లో న్యాయం ఉంది. నీళ్లు, జ్వరం మందులు లాంటివి రెండు ఊళ్లకూ కలిపి చేయలేదా అన్నది సంస్థను అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే గూడేనికి రేపు గ్రామసభ సిఫారసు కావాలంటే చేయి ఎత్తాల్సింది ఆ పక్క ఊరివాళ్లే.

వెనక్కి వెళ్లే మాట

2025లో వీళ్లు వదిలి వచ్చిన బస్తర్ ప్రాంతంలో పరిస్థితి వేగంగా మారింది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు అబూజ్‌మడ్‌లో ఎన్‌కౌంటర్లో చనిపోయారు, ఆ తర్వాత పెద్ద సంఖ్యలో లొంగుబాట్లు జరిగాయి. ఇక గొడవ అయిపోయింది కదా, వెళ్లిపోండి అనే ఒత్తిడి పెరుగుతుంది. 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల్లో 28వది దీని గురించే: వెళ్లడమైనా, ఇక్కడే ఉండిపోవడమైనా, ఇంకోచోట స్థిరపడటమైనా వాళ్ల ఇష్టంతో, భద్రంగా, గౌరవంగా జరగాలి. మీ సమీక్షలో ఒక ప్రశ్న ఉండాలి, మీరు వెళ్లాలనుకుంటున్నారా అని కాదు, వెళ్లి చూసి వచ్చారా, మీ పొలంలో ఇప్పుడు ఎవరున్నారు, పిల్లలు ఏమంటున్నారు అని. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ ఊరు కథల్లో విన్న ఊరు.

పోల్చడానికి ఒక లెక్క దగ్గర పెట్టుకోండి. మిజోరం నుంచి తరిమేయబడి త్రిపుర శిబిరాల్లో రెండు దశాబ్దాలకు పైగా ఉన్న బ్రూ ఆదివాసీల కోసం 2020 జనవరి 16న ఒప్పందం చేశారు. సుమారు 34 వేల మందికి 600 కోట్ల ప్యాకేజీ. కుటుంబానికి ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్. త్రిపురలో ఓటు కూడా ఇచ్చారు. అమలులో లోటుపాట్లున్నాయి, అది వేరే సంగతి. సాయం అంటే ఏమిటన్నదానికి అది ఒక కొలత. దాని పక్కన మన బిస్కెట్ ప్యాకెట్ పెట్టి చూడండి.

డబ్బు

దీని మీద ఎక్కువ సమయం వద్దు. మొత్తం ఖర్చును ఇళ్లతో భాగించండి, అందులో వస్తువు ధర ఎంత, రవాణా ఎంత, మనుషుల ప్రయాణాలు ఎంత. విదేశీ విరాళమైతే పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏకి 2020లో చేసిన సవరణ చెప్తోంది. గూడెంలో అందరికీ వినపడేలా ఆ లెక్క చదవండి, "మాకు వచ్చింది అంత లేదే" అనే గొంతు వస్తే అక్కడ మొదలుపెట్టండి.

రాయడం, వినిపించడం, పంపడం

నాలుగు పేజీలు దాటొద్దు. గూడెం పేరు బయటికి వెళ్లే కాపీలో అవసరమా అని ముందు వాళ్లనే అడగండి, వద్దంటే మండలం పేరుతో సరిపెట్టండి. రాసింది పైకి పంపకముందు మళ్లీ గూడేనికి వెళ్లి కోయలో చదివించండి. తప్పని వాళ్లన్నది దిద్దండి, పెట్టొద్దన్నది తీసేయండి. సంస్థకూ ఒక వారం గడువిచ్చి వాళ్ల జవాబు పక్కనే పెట్టండి.

తర్వాత దాన్ని ముక్కలు చేయండి. నీళ్ల ముక్క, అంగన్‌వాడీ ముక్క ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరుకు, కాపీ కలెక్టరుకు. కార్డుల ముక్క తహసీల్దారుకు. కులం, భూమి సంగతులు జాతీయ ఎస్టీ కమిషన్‌కు. సంస్థకు మాత్రం ఒకే పేజీ: ఏం ఆపాలి, ఏం కొనసాగించాలి, ఆపగా మిగిలే డబ్బు ఎవరి బస్సు చార్జీకి, ఏ దరఖాస్తుకు పెట్టాలి. ఎక్కడిచ్చినా రసీదు నంబరు తీసుకుని, ఆ నంబరూ తేదీ ఉన్న చీటీ గూడెంలో తెలుగు చదవగలిగిన ఒక కుర్రాడి దగ్గరా, ఒక అమ్మాయి దగ్గరా ఉంచండి. మూడు నెలలకు ఫోన్ చేయండి. నెట్‌వర్క్ దొరక్కపోతే వారపు సంత రోజు చేయండి, రోడ్డు మీదికి వస్తారు కాబట్టి దొరుకుతారు.